వంకాయ రంగు చీరను నీలమని పాస్ చేశాను

ఈమధ్య ధర్మవరంలో ఫోన్లో ఫోటోలు చూపించి చీరలమ్మే పిల్లలు నన్ను వెతుక్కుంటూ పెనుకొండ దాకా వస్తున్నారు. ఫోటోలో కనిపించిన రంగు చీరలో లేదని కొన్నవాళ్లు వెనక్కి పంపుతున్నారట. ఫోన్లు మార్చి చూశారు, దీపాలు మార్చి చూశారు, కుదరలేదు. ఇప్పుడు కొందరు, మూలన పడేసిన పాత చిన్న డిజిటల్ కెమెరాలు పట్టుకొచ్చి, "దీంట్లో రంగు బాగా పడతాదంట గదా సార్, చూసి చెప్పండి" అని నా చేతిలో పెడుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నా పేరు నరసింహులు. ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణంలో ఇరవై ఏళ్లకు పైగా పని చేశాను. మా దుకాణం చీరల ఫోటోలు దూరపు ఊళ్ల వ్యాపారులకు వెళ్లేవి. వాళ్లు ఫోటో చూసే ఆర్డరు ఇచ్చేవాళ్లు. ప్రతి ఫోటోనూ చీర పక్కన పెట్టి, రంగు కలిసిందో లేదో చూసి, కలిస్తే ఫోటో వెనక సంతకం చేయడం నా పని. నా సంతకం లేని ఫోటో గడప దాటేది కాదు. ఏ కెమెరాతో తీయాలో తేల్చేదీ నేనే.

కూర్చుని ఫోటోలు చూడటం కూడా ఒక పనేనా అని మా బంధువులు ఎగతాళి చేసేవాళ్లు. నేను పట్టించుకోలేదు. నేసినవాడు రోజుల తరబడి మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చుంటేనే ఒక చీర తయారవుతుంది. ఫోటో అబద్ధం చెబితే ఆ చీర మడత నలిగి వెనక్కి వస్తుంది, మాట పడేది నేసినవాడు. అందుకే ఈ పనిని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు. అయితే ఈ పనిలోనే ఒక మనిషికి అన్యాయం కూడా చేశాను. ముందు పని సంగతి చెప్పి, తర్వాత అది చెబుతాను.

కెమెరాను ఎట్లా చూడాలి

కెమెరా ఒంటి మీద రాసిన మెగాపిక్సెళ్ల అంకె చదివి మురిసిపోకండి. ఆ అంకె కెమెరా అమ్మేవాడి కోసం. మన చీరకు దాంతో పనిలేదు.

కెమెరా వెనకుండే బుల్లి తెరను అసలు నమ్మకండి. వెలిసిపోయిన పంచె కూడా దాంట్లో పట్టుపంచెలా మెరుస్తుంది. ఫోటోను కాగితం మీద వేయించండి. దాన్ని చీర మీదే పెట్టి, ఎండ నేరుగా పడని వసారాలో, పొద్దున తొమ్మిదీ పదకొండూ మధ్య చూడండి. చూసేటప్పుడు తెల్ల చొక్కా వేసుకోండి. ఎర్ర చొక్కా వేసుకుని వంగితే ఆ ఎరుపు చీర మీద పడుతుంది. నా పెళ్లాం నా తెల్ల చొక్కాలు ఉతకలేక ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

చవక కెమెరాలన్నీ ముందు మూలల దగ్గర దొరికిపోతాయి. చీరను గోడకు పరిచి, రెండంచులూ పడేలా తీయండి. నడుమ బుటా స్పష్టంగా ఉంటుంది. మూలల్లో జరీ పోగులు నానిన అటుకుల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. అట్లాంటి కెమెరాను పారేయనక్కర్లేదు, కొంచెం దూరం నుంచి తీసి అంచులు కత్తిరించుకోవచ్చు. దాని లోపం తెలిస్తే చాలు.

తర్వాత ఎరుపు. మన వైపు ఎరుపు లేని పెళ్లి ఉండదు. ఎర్ర చీరను చవక కెమెరా కుంకుమ కుప్పలా చూపిస్తుంది. నేత కనిపించదు, మడత కనిపించదు. వెలుతురు కాస్త తగ్గించి తీసినా పోగు కనిపించకపోతే ఆ కెమెరా మనకు పనికిరాదు. ఫ్లాష్ జోలికి పోవద్దు, అది పడిందంటే జరీ సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. నిలువు పోగైన పడుగు ఒక రంగూ అడ్డపోగైన పేక ఒక రంగూ ఉన్న చీర అయితే రెండు వైపుల నుంచీ రెండు ఫోటోలు తీసి రెండూ పంపండి. కదిలిస్తే రంగు మారే చీరను ఒక్క ఫోటోలో చూపించే కెమెరా నేను చూడలేదు, ఖరీదైనదైనా సరే.

ఇట్లా చూడటం నాకు నేర్పింది పెనుకొండలో నా మొదటి యజమాని, స్టూడియో నడిపిన ఖాదర్ సాబ్. అక్కడ నేను ఫోటోలు కడిగేవాణ్ణి. ఒకరోజు ఒక పెళ్లికూతురి ఫోటోను వెలుతురులో పెట్టి తదేకంగా చూస్తుంటే, ఆయన దాన్ని లాక్కున్నాడు. "కాగితంలో ఏముండాదని చూస్తాండావు? ఆ పాప బయట బెంచీ మీద కూర్చోనుండాది. ముందు ఆయమ్మిని చూసిరాపో. ఫోటో తర్వాత" అన్నాడు. కెమెరాను అంచనా కట్టే విద్యంతా ఆ మాటలో ఉంది. అసలుదాన్ని చూడకుండా నకలును చూసి తీర్పు చెప్పొద్దు. అయితే చూసే కన్ను ఎట్లా ఉందో చూసుకోమని మాత్రం ఆయన చెప్పలేదు. అది నేను ఆలస్యంగా, ఇంకొకరికి నష్టం చేసి నేర్చుకున్నాను.

అంజినమ్మ

దుకాణం యజమాని ఓబుళప్ప. మాట కటువు, మనసులో ఏదీ దాచుకోడు. అదృష్టమేమంటే, తనకు తెలియని పనిలో వేలు పెట్టడు. ఫోన్లలో కెమెరాలు ఇంకా మసకమసకగా ఉన్న రోజుల్లో, ఒక పొద్దున వచ్చి ఒక చిన్న కెమెరా నా ముందు పెట్టాడు.

"ఏమప్పా నరసిమ్ములూ, చవగ్గా వచ్చిందని తెచ్చినా. జేబులో పట్టేస్తాది. దీంతో మన పని అవుతాదా కాదా నువ్వే చెప్పల్ల" అన్నాడు.

మూడు రోజులు దాన్ని అన్ని రకాలుగా చూశాను. మూలలు పర్వాలేదు. ఎరుపు, వెలుతురు తగ్గిస్తే, దారికొచ్చింది. పనికొస్తుందని చెప్పాను. ఫోటోలు తీసే పని అంజినమ్మకు ఇచ్చారు.

అంజినమ్మది సోమందేపల్లి. అప్పటికి ముప్పై ఐదేళ్లుంటాయేమో. చిన్నప్పటి నుంచీ పట్టునూలు కండెలు చుట్టిన చేయి. మా దుకాణంలో చీరలు మడతపెట్టడం, కట్టలు కట్టడం ఆమె పని. రంగుల విషయంలో ఆమె చూపు చాలా గట్టిది. అద్దకం వాళ్లు ఒకే రంగని తెచ్చిన రెండు నూలు లడీలను వేళ్ల మీద వేసుకుని, "ఇది ఒక ముంచు తక్కువుండాది" అనేది. అద్దకం వాళ్లు ముందు గొణిగి తర్వాత ఒప్పుకునేవాళ్లు. కెమెరా పట్టుకోవడం నాలుగు రోజుల్లో నేర్చుకుంది.

రెండో వారంలో నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఈ కెమెరాకు వంకాయ రంగు కనపడ్లేదు. నీలంగా పడతాండాది."

ఫోటోను చీర మీద పెట్టి చూశాను. నాకు రెండూ ఒకటే. మళ్లీ చూశాను. ఒకటే.

"బాగానే ఉంది కదా" అన్నాను.

"లేదు సార్. చీరలో ఎరుపుండాది. ఫోటోలో లేదు."

"కెమెరా పట్టి రెండు వారాలు కాలేదు, అప్పుడే నాకు చెప్తావా" అని నవ్వుతూనే అన్నాను. నవ్వినా అది వెటకారమే. ఫోటో వెనక సంతకం చేసి ఆమె చేతికిచ్చాను. ఆమె తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు నేను చెప్పిన అబద్ధం

ఆ ఫోటో చూసి దూరపు ఊరి వ్యాపారి ఒకాయన ఒకే పెళ్లికి పన్నెండు చీరలు తెప్పించుకున్నాడు. పెళ్లికూతురి పిన్నమ్మలూ మేనత్తలూ అందరూ ఒకే నీలం కట్టుకోవాలని వాళ్ల ముచ్చట. పెళ్లి నాలుగు రోజులుందనగా కట్ట విప్పితే అన్నీ వంకాయ రంగు. అదే కట్టలో అన్నీ వెనక్కి వచ్చాయి. ఫోటోలో చూపించిన సరుకు వేరు, పంపిన సరుకు వేరు అని ఆయన ఉత్తరం రాసి, ఆ ఫోటోనూ దానికి జతచేశాడు.

ఓబుళప్ప అందరినీ ముందు గదిలోకి పిలిచాడు. బల్ల మీద చీర, పక్కన ఫోటో. గుమాస్తా చూసి "ఫోటో నీలం, చీర వంకాయ" అన్నాడు. మడతలు పెట్టే ఆడవాళ్లూ అదే అన్నారు. ఓబుళప్ప నా వైపు తిరిగాడు.

"నరసిమ్ములూ, దీని వెనక నీ సంతకముండాది. నువ్వు చూసినబ్బుడు చీరా ఫోటో కలిసినాయా లేదా?"

నేను వంగి చూశాను. ఫోటో తిప్పి చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అందరికీ కనిపిస్తున్న తేడా నాకు కనిపించలేదు. నాకు కనిపించడం లేదు అన్న ఒక్క మాట అక్కడ అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అనలేదు. ఇరవై ఏళ్ల సంతకం పోతుందని భయపడ్డాను. రంగు చూసి చెప్పే మనిషికి రంగు కనిపించడం లేదంటే ఇంక వాడెందుకు?

"నేను చూసినప్పుడు కలిసింది. ఆ చీర ఇది కాదు. కట్ట కట్టేటప్పుడు మారింది" అన్నాను.

కట్ట కట్టింది అంజినమ్మ.

"సార్, మారలేదు. ఆపొద్దే మీకు చెప్పినా గదా, కెమెరాదే తప్పని" అంది ఆమె.

నేను ఆమె ముఖం చూడలేదు. "కెమెరాను మూడు రోజులు చూసి నేనే పాస్ చేశాను. కండెలు చుట్టే చేతికి పెద్ద పనులిస్తే ఇట్లే ఉంటుంది" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో తల వంగిపోతోంది. అయినా రాయాల్సిందే. మెత్తగా మార్చి రాస్తే ఇంకో అబద్ధమవుతుంది.

పన్నెండు చీరలు మార్చి పంపిందంటే అది పొరపాటని ఎవరూ అనుకోరు. దొంగతనమని ఎవరూ పైకి అనలేదు కానీ అందరి మనసులోనూ అదే. రేపటి నుంచి రావద్దన్నాడు ఓబుళప్ప. ధర్మవరంలో ఒక పట్టు దుకాణం అట్లా పంపేసిన మనిషిని ఇంకో దుకాణం గడప ఎక్కనివ్వదు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఒక కన్ను

ఏడాది దాటాక, రైలు దిగుతూ మెట్టు తప్పి పడ్డాను. నా పెళ్లాం పట్టుబట్టి హిందూపురంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ పొర ముదిరింది అన్నారు. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు.

మర్నాడు కట్టు విప్పగానే గోడ చూశాను. ఎంత తెలుపో. ఎడమ కన్ను తెరిచి కుడి కన్ను మూసుకుంటే అదే గోడ పాత పోస్టుకార్డు రంగులోకి మారింది. అట్లా ఒక్కో కన్నూ మూసి తెరుస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఏం చేస్తున్నారు తాతా అని అడిగింది. నా పని ఏమిటో చెప్పాను.

"మీ కంట్లో పొర పసుపుగా ముదిరింది. అట్లా ముదిరితే నీలానికీ ఊదాకూ తేడా పోతాది. మెల్లమెల్లగా పోతాది కాబట్టి మనిషికి తెలీదు" అంది.

నాకు తెలియకపోవడం ఏమిటి? ఆ రోజు కిటికీ దగ్గర నిలబడినప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చే దారిలో నా పెళ్లాంతో జరిగిందంతా చెప్పాను. ఆమె అంతా విన్న తర్వాత, "రేపే పో. నల్లద్దాలు పెట్టుకోని పో" అంది.

డాక్టరమ్మ వారం ఇంట్లో ఉండమంది. నాలుగో రోజు పోయాను.

వాపసు వచ్చిన చీరల్లో ఒకటి ఇంకా అల్మారాలో ఉంది. ఫోటో ఆ ఉత్తరంతోనే గుమాస్తా దాచిపెట్టాడు. రెండూ తెప్పించి బల్ల మీద పెట్టి, అద్దాలు తీసి, ఎడమ కంటితో చూశాను. ఒకటే. కుడి కంటితో చూశాను. ఒకటి పండిన వంకాయ, ఒకటి సిరా. పసిబిడ్డకైనా తెలిసే తేడా.

ఓబుళప్పను పిలిచి, అదే చిన్న కెమెరాతో ఆయన చేతనే ఆ చీరను ఫోటో తీయించాను. వీధి చివర స్టూడియోలో వేయించుకొచ్చి ఆయన ముందు పెట్టాను. నీలం.

"చీరలు మారలేదు. అంజినమ్మ చెప్పిందే నిజం. ఈ కెమెరాకు వంకాయ రంగు కనపడదు, అప్పుడు నాకూ కనపడలేదు. కనపడలేదని ఆ రోజే నాకు అర్థమైంది. దాచిపెట్టి ఆమె మీదకు తోశాను" అన్నాను.

ఓబుళప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. "అయిపోయిందాన్ని ఇప్పుడేంటికి తవ్వుతావప్పా. నాకు చెప్తివి, చాల్లే. బయటికి పోతే నీ సంతకానికి ఇంక విలువుంటాదా?"

"ఉండకూడదు" అన్నాను. "ఆమెను అందరి ముందరా పంపించాం. అందరి ముందరే చెప్పాలి. మీరు పిలవకపోతే నేనే పిలుస్తా."

గొంతు పెరిగింది నాకు. ఆయన గుమాస్తాను కేకేశాడు. అదే ముందు గదిలో, అప్పుడున్న వాళ్లందరి ముందూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. మడతలు పెట్టే ఆడవాళ్లలో ఒకామె లేచి, "ఆయమ్మతో ఏడాదిగా మేం మాట్లాడ్డమే మానేస్తిమి గదా సార్" అని ఏడ్చింది.

సోమందేపల్లిలో

మర్నాడు బస్సులో సోమందేపల్లి పోయాను. అంజినమ్మ శెనక్కాయ చేలో కూలికి పోయి అప్పుడే వచ్చింది. చేతులకు ఎర్రమట్టి. నన్ను చూసి మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ వింది.

"నాకు తెలుసు సార్" అంది చివరికి.

"ఏం తెలుసు?"

"మీకు కనపడ్లేదని. ఆ ఫోటోను తిప్పితిరి, మల్లా తిప్పితిరి, కిటికీ కాడికి పోతిరి. కనపడే మనిషి అట్ల చేయడు. మా అవ్వకు కండ్లు పోయేటబ్బుడు సూదిని అట్లే తిప్పేది."

"మరి అక్కడే చెప్పలేకపోయావా?"

ఆమె నా వైపు సూటిగా చూసింది. "చెప్పింటే ఎవరు నమ్ముతారు సార్? మీ సంతకం ముందర నా మాట యాడ నిలబడతాది. నేను కెమెరా గురించి చెప్తేనే మీరు నవ్వితిరి."

క్షమించమని అడిగాను. క్షమించానని ఆమె అనలేదు. అనాలని అడిగే హక్కు నాకు లేదు. చేతులు తుడుచుకుంటూ, "మాటొచ్చినంక నాలుగు నెలలు మా ఆయన కూడా నన్ను అదో మాదిరిగా చూసె. అది మీకు తెలియల్ల" అంది. ఇంకా ఎన్ని మాటలు అన్నా పడేవాణ్ణి.

దుకాణంలోకి మళ్లీ రమ్మన్నాను. కండెలకూ మడతలకూ కాదు, నా బల్లకు. ఓబుళప్పతో ముందే తేల్చుకున్నాను, ఆమె వచ్చినా రాకపోయినా నేను తప్పుకుంటాను, ఆ బల్ల దగ్గర ఆమె తప్ప ఎవరూ కూర్చోకూడదు అని. ఆమె మూడు రోజులు ఆలోచించుకుంది. ఓబుళప్పే స్వయంగా పోయి పిలిచాక ఒప్పుకుంది.

ఆమె పద్ధతి

కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది నా పద్ధతి కాదు, ఆమెది. సంతకం చేసే ముందు అంజినమ్మ ఫోటోనూ చీరనూ పట్టుకుని దుకాణమంతా తిరిగేది. గుమాస్తాకు చూపించేది, ఊడ్చే మనిషికి చూపించేది, చీర కొనడానికి వచ్చిన వాళ్లకూ చూపించేది. ఇది ఏ రంగు, అది ఏ రంగు అని మాత్రమే అడిగేది. సరిగా ఉందా అని అడిగితే జనం సరే అనేస్తారట, రంగు పేరు చెప్పమంటే నిజం చెబుతారట. ముగ్గురి మాట కలిస్తేనే సంతకం. ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి ఇది. నేను ఒక్కణ్ణే చూసి ఒక్కణ్ణే తేల్చేవాణ్ణి, అదే గొప్పతనమనుకునేవాణ్ణి.

ఆమెకు పని అప్పగించేందుకు ఒక నెల రోజులు నేనూ వెళ్లాను. ఎడమ కంటి ఆపరేషన్ ఇంకా కాలేదు. మొదటి వారంలో ఒక రోజు ఆమె చీరా ఫోటో పట్టుకుని వరసగా అందరినీ అడుగుతూ, చివర నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఈ చీర ఏం రంగు?"

నేను తలెత్తి, వెలుతురు గుచ్చుకుంటుంటే కుడి కన్ను మూసుకునే చూసి, "ముదురు నీలం" అన్నాను.

అంతదాకా అందరూ వంకాయ రంగన్నారు. గుమాస్తా పుస్తకంలోకి తల దించుకున్నాడు. అంజినమ్మ నవ్వలేదు. పోయిన పని, పడిన మాటలు అన్నీ ఆమె గుర్తు చేయవచ్చు ఆ క్షణంలో. చేయలేదు. చీరను వెనక్కి తీసుకోకుండా నా ముందు అట్లే పట్టుకుని నిలబడింది.

"ఏ కంటితో చూసినారు సార్?" అని అడిగింది.

నేను ఎడమ కన్ను చేత్తో మూసుకుని, మళ్లీ మొదటి నుంచి చూశాను.